మట్టం తప్పిన చేపల పెట్టె

మొన్న వానలో హుజూరాబాద్ బస్సెక్కాను. పక్క సీటులో కూర్చున్న ముసలాయన భుజం మీద నల్ల గొంగడి తడిసి ముద్దగా ఉంది. ఆ తడి బొచ్చు వాసన ముక్కుకు తగలగానే గుండె ఝల్లుమని, చేతిలో సంచి జారి కింద పడింది. "ఏమైంది చెల్లె, పానం మంచిగ లేదా?" అని ఆయన పరేషానయ్యాడు. ఏమీ లేదన్నాను. పదేళ్ల వయసులో పుట్టిన అదురు డెబ్బై దాటినా ఒంట్లోంచి పోలేదంటే ఎవరు నమ్ముతారు? నాకే నమ్మబుద్ధి కాదు.

అప్పట్లో మేము హుజూరాబాద్ బజారు వెనక గల్లీలో, మట్టి నేల పెంకుటింట్లో ఉండేవాళ్లం. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేదాన్ని. బాపు బడిలో లెక్కల సారు. శుక్రవారం వచ్చిందంటే అవ్వ తెల్లవారకముందే ఎర్రమట్టిలో పేడ పిసికి, కొంగు నడుముకు చెక్కి, దేవుని అర్రలో మొదలుపెట్టి వెనక్కి వెనక్కి జరుగుతూ గడపదాకా అలికేది. అది ఆరేదాకా లోపల అడుగు పెట్టనిచ్చేది కాదు కనుక నేను అరుగు మీద గచ్చకాయలాడుతూ, లోపలి నుంచి వచ్చే పచ్చి మట్టి వాసననూ ఎదురింటి పొయ్యి మీది రొట్టెల వాసననూ కలిపి పీలుస్తూ, ఆకలికి కడుపు పట్టుకుని కూర్చునేదాన్ని. ఇంట్లో అలకని జాగా బెత్తెడు మిగిలినా అవ్వకు అన్నం సయించేది కాదు.

ఆ ఎదురిల్లు గాజుల దుకాణం ఖాదర్ చాచాది. రంజాన్‌కు వాళ్లింటి నుంచి షీర్ ఖుర్మా వచ్చేది, బతుకమ్మకు మా ఇంటి నుంచి సత్తుపిండి పోయేది. చాచీ పుట్టిల్లు హైదరాబాదు. అక్కడి నుంచి ఆమె ఇనుప చట్రానికి అద్దాలు బిగించిన చేపల పెట్టె ఒకటి తెచ్చుకుంది. అందులో ఐదు ఎర్ర చేపలు. పిల్లలు లేని చాచీ వాటికి రొట్టె పొడి వేస్తూ, మనుషులతో మాట్లాడినట్టే మాట్లాడేది. ఆ ఏడు చలికాలంలో జ్వరమొచ్చి చాచీ చనిపోయింది. ఎండలు ముదిరేలోపు చాచా దుకాణం తమ్మునికి అప్పజెప్పి హజ్‌కు బయలుదేరాడు. తమ్ముని ఇంటినిండా అల్లరి పిల్లలు. అందుకని పెట్టెనూ దాని ఇనుప స్టాండునూ మా ఇంటికి మోయించుకొచ్చాడు.

"సార్, దుకాణం మునిగినా నాకు ఫికర్ లేదు. గివి ఆమె సాదిన పానాలు. అమానత్ అనుకోండ్రి, నేనొచ్చేదాక మీ చేతుల వెడ్తున్న."

"నువ్వు నిమ్మలంగ పోయిరా ఖాదర్ భాయ్. నా బిడ్డను చూసుకున్నట్టు చూసుకుంట" అన్నాడు బాపు.

చాచా ఇంట్లో షాబాదు బండలు పరిచిన నేల. మాదేమో మట్టి నేల, అదీ నీళ్లు వాకిట్లోకి పోయేటట్టు వాటంగా ఉండేది. బాపు ఒక ఆదివారమంతా దానితోనే గడిపాడు. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, స్టాండు మీద నిలువుగా, అడ్డంగా, మూలకు మూల పెట్టి చూస్తూ, ఎత్తున్న కాళ్ల కింద మట్టి గోకించాడు. గాజు గొట్టంలో బుడగ మధ్య గీతల నడుమకు వచ్చి ఆగినప్పుడు, కష్టమైన లెక్క తెగినట్టు నవ్వాడు. తర్వాత కొత్త గొంగడిని స్టాండు కొలతకు కత్తిరించి, దాని మీద పరిచి, ముడత పోవడానికి నీళ్లు చల్లి, చేత్తో సాపు చేశాడు. "ఇనుము మీద అద్దం ఒట్టిగ కూసోవద్దు బిడ్డా, ఏడ ఎత్తుంటె ఆడ పగుల్తది" అని నాకు చెప్పాడు. పెట్టె నింపాక అవ్వకూ ఒక మాట చెప్పాడు: "కాళ్ల సుట్టు జానెడు జాగ అలకకు. నేల నానితె కాళ్లు దిగవడ్తయి."

రెండు శుక్రవారాలు అవ్వ ఓర్చుకుంది. మూడో శుక్రవారం ఆమె వల్ల కాలేదు. "గింత జాగ ఎండవెట్టుకుంటె ఇల్లు పాడుపడ్డట్టు కొడ్తున్నది బిడ్డా. జరంత తడి చేత్తోని అలుకుత. బాపుకు చెప్పకు" అన్నది. నేను చెప్పలేదు. ఆ ఎండాకాలమంతా బాపు బయటికి పోగానే అవ్వ అలుకుతూనే ఉంది, నేను నోరు మూసుకునే ఉన్నాను.

ఒకరోజు మేత వేస్తూ చూద్దును కదా, పెట్టెలో నీళ్లు ఒక పక్క అంచుకు దగ్గరగా, ఇంకో పక్క రెండు వేళ్లు కిందికి ఉన్నాయి. బాపు కంట పడితే ఎట్లా అనుకున్నాను. బాపు కొట్టే మనిషి కాదు. కోపమొస్తే వారాల తరబడి మాట్లాడడు. అవ్వ ఆ మౌనానికి ఎంత కుములుతుందో నాకు తెలుసు. అవ్వ బాయి దగ్గరికి పోయిన సందు చూసుకుని గడ్డపార తెచ్చి, స్టాండు కింది కమ్మీకి దూర్చి, బలమంతా పెట్టి అదిమి, లేచిన స్టాండు కాలి కిందికి ఇంటి పెంకు ముక్కను నా కాలితో తోశాను. నీళ్లు ఊగి ఊగి సమంగా నిలిచాయి. లెక్కల సారు బిడ్డనని మురిసిపోయాను. నిండుగా ఉన్న పెట్టెను ఒక్క మూల లేపితే మొత్తం మెలిపడుతుందనీ, ముందు నీళ్లన్నీ తీయాలనీ నాకేం తెలుసు?

మూడో రోజు మిరుగం, మృగశిర కార్తె మొదలయ్యే రోజు. ఆ రోజు గల్లీ గల్లీలో చేపల కూర ఉడికేది. మా అవ్వ మాత్రం, "ఇంట్ల చేపలను సాదుకుంట పొయ్యి మీద చేపలెట్ల పెడ్త?" అని పప్పు వండి, ఇంగువా బెల్లమూ కలిపి ఉండలు కట్టింది. మధ్యాహ్నం బాపూ నేనూ అన్నానికి కూర్చున్నాం. ఎండు పుల్ల విరిగినట్టు 'టప్' మని ఒక చప్పుడు. ముందరి అద్దం పగిలి ఊడి, నీళ్లన్నీ ఒక్కసారిగా మా మీదికొచ్చాయి. పళ్లేలు కొట్టుకుపోయాయి. పొద్దున అలికిన నేల బురదయింది. ఆ బురదలో ఐదు చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది, నేను కొయ్యబారిపోయాను. గల్లీలో గట్టిగా మాట్లాడి ఎరుగని బాపు మోకాళ్ల మీద పాకుతూ, "నీళ్లు! నీళ్లు తేండ్రి!" అని అరిచాడు. ఆయన గొంతు అట్లా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

గంగాళంలో వేస్తే రెండు బతికాయి. మూడు వెల్లకిలా తేలాయి. బాపు తడిసిన గొంగడిని ఒళ్లో పెట్టుకుని ఆ బురదలోనే కూర్చుండిపోయాడు. అవ్వ ఏడుస్తూ, "నేనే అలికిన. నువ్వు వద్దన్నా అలికిన" అని ఒప్పేసుకుంది. గాజు ముక్కలు ఏరుతున్న అవ్వ స్టాండు కాలి దగ్గర ఆగింది. కింది నుంచి పెంకు ముక్కను లాగి చూసింది. గోడవారన ఉన్న గడ్డపారను చూసింది. నన్ను చూసింది. బాపు అటు తిరిగి ఉండగా ఆ ముక్కను కొంగులో ముడేసుకుంది. అద్దం పగిలినప్పటికంటే అప్పుడే నేను ఎక్కువ అదిరిపోయాను. అవ్వ తిడితే బాగుండును.

ఆషాఢంలో చాచా తిరిగి వచ్చాడు. గడ్డం తెల్లబడి, మనిషి సగమయ్యాడు. ఖర్జూరాల పొట్లంతో నేరుగా మా ఇంటికే వచ్చాడు. బాపు నిలబడే చెప్పాడు: "మట్టం చూసింది నేనే ఖాదర్ భాయ్. తప్పు నాది."

ఎన్నడూ చాచా ముందుకు వచ్చి మాట్లాడని అవ్వ తలుపు చాటు నుంచి అందుకుంది. "ఆయనది గాదన్నా. నాది. అలకద్దంటె అలికిన."

బాపూ అవ్వా ఇద్దరూ నా వైపు చూడలేదు. చాచా గంగాళం మీదికి వంగి ఆ రెండు చేపలనూ చూశాడు. కండ్లు తుడుచుకుని నన్ను దగ్గరికి పిలిచి, దోసిట్లో ఖర్జూరాలు పోశాడు. "మేతేసింది నువ్వే గద బిడ్డా. రెండన్న బతికినయంటె నీ చేతుల బర్కత్ ఉన్నది" అన్నాడు.

అవ్వ తల వంచుకుంది. చెబుదామని నోరు తెరిచాను. ఒక ఖర్జూరం పెట్టుకుని నమిలాను. నేను పెళ్లయి ఆదిలాబాద్ పోయిన రెండో ఏట చాచా పోయాడు. తర్వాత బాపు, ఆ వెనక అవ్వ.

మొన్న బస్సెక్కింది ఈ మాట చెప్పడానికే. మా గల్లీలో పెంకుటిల్లు ఒక్కటి లేదు. బాయి పూడ్చేశారు. శుక్రవారమే అయినా ఎక్కడా అలికిన వాసన లేదు, అంతటా మెరిసే బండలే. గాజుల దుకాణం ఫోన్ల దుకాణమైంది. చాచా తమ్ముని మనుమడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. పెంకు పెట్టింది నేనేనని, నన్ను మాఫ్ చేయమని, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆ పిల్లవాడు మర్యాదగా అంతా విన్నాడు.

"ఏ చేపలమ్మా? మా తాతలింట్ల చేపలున్నట్టు నాకు ఎవ్వరు చెప్పలే" అన్నాడు.