చెరువు కట్ట మీద అక్కతో

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్టను ఆనుకుని పార్కు వేశాక, పొద్దున లేస్తే ఊళ్ళో సగం మంది అక్కడే కనబడేవారు. నడవడానికి దారి, సిమెంటు బెంచీలు, కసరత్తు చేసుకునే ఇనుప సామాన్లు. మా అక్క మాత్రం అటువైపు తొంగి కూడా చూసేది కాదు. బావ ఆ చెరువులోనే చేపలు పట్టేవాడు. ఒక వానాకాలం వల తీయడానికి వెళ్ళి తిరిగి రాలేదు. ముందు తెప్ప దొరికింది. మనిషి మర్నాడు దొరికాడు.

తర్వాత అక్కకు షుగర్ పెరిగింది. రోజూ నడవాల్సిందేనని దవాఖానలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. సాగర్ రోడ్డు మీద లారీలు, మా గల్లీలో కుక్కలు. ఇంకెక్కడ నడుస్తుంది?

"పార్కుకు పోదాం పా అక్కా."

"ఆ నీళ్ళ మొఖం నేను సూడ."

"నీళ్ళ దిక్కు సూడకు. నా దిక్కు సూస్కుంట నడువు."

చాలా రోజులు బతిమాలితే వచ్చింది. నేను చెరువు వైపు, తను రోడ్డు వైపు. తల దించుకుని, చెప్పుల వైపే చూస్తూ నడిచేది. కొన్నాళ్ళకు కాస్త తల ఎత్తడం మొదలుపెట్టింది. నేను సంతోషించాను.

ఒక ఆదివారం మేము వెళ్ళేసరికి కట్ట మీద జనం గుమిగూడి ఉన్నారు. తుర్కయాంజాల్ నుంచి ఒక కుటుంబం సరదాగా వచ్చిందట. కాళ్ళు కడుక్కుందామని దిగిన ఇంటాయన జారి లోతులోకి పోయాడు. ఆయన భార్య గడ్డిలో కూర్చుని ఉంది. పక్కనే మూత తీసిన పులిహోర డబ్బా. చేతిలో ఆయన చెప్పులు. ఒకప్పుడు బావతో కలిసి చేపలు పట్టినవాళ్ళే నీళ్ళలో తెప్పల మీద వెతుకుతున్నారు.

నేను అక్క చెయ్యి పట్టుకుని, "ఇంటికి పోదాం" అన్నాను. తను చెయ్యి విడిపించుకుంది.

అంతలో పోలీసాయన ఆ భార్య దగ్గరికి వచ్చాడు. "మీరు ఇంటికి పోండ్రమ్మా. దొరికినంక ఫోన్ చేస్తం." చుట్టాలు ఆమెను లేపబోయారు.

"ఆమెను పంపకుండ్రి సార్." అక్క గొంతు అంత గట్టిగా పలకడం నేనెప్పుడూ వినలేదు. "నన్ను గూడ గిట్లనే ఇంటికి తోలిన్రు. నా మొగన్ని మూట గట్టి తెచ్చిన్రు. మొఖం గూడ సూడనియ్యలే."

"నువ్వెవరమ్మా?"

తెప్ప మీద ఉన్న ఒకాయన అక్కడి నుంచే అరిచాడు. "మా వదినె సార్. ఉండనియ్యిండ్రి."

అక్క వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. అప్పటిదాకా అందరూ ఏం కాదు, ఏం కాదు అంటూనే ఉన్నారు. ఆమె మా అక్క మోకాలు పట్టుకుని అడిగింది.

"ఆయనకు ఈత రాదక్కా. బతికే ఉంటడా?"

అక్క కాసేపు నీళ్ళకేసి చూసింది.

"లేడు చెల్లె."

ఆమె మా అక్క ఒళ్ళో తల పెట్టి ఒక్క అరుపు అరిచింది. అక్క ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది.

మధ్యాహ్నం దాటాక ఆయన దొరికాడు. ఒడ్డుకు తెస్తుంటే అక్క లేచి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది. కొంగు తడిపి ఆయన మొఖానికి అంటిన బురద, నాచు తుడిచింది. రెప్పలు మూసింది. అప్పుడు వెనక్కి తిరిగి, "గిప్పుడు రా. సూస్కో" అంది. ఆమె వచ్చి భర్త చెంప మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. పోలీసాయన టోపీ తీసి పక్కకు వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి తల మీద నీళ్ళు పోసుకున్నాక అక్క గడపలోనే కూలబడింది. బావ పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. "నా మొగని మొఖం నేను తుడ్వకపోతి" అని గోడకు తల కొట్టుకుంటుంటే, మధ్యలో నా చెయ్యి అడ్డం పెట్టి కూర్చున్నాను.

అక్క మళ్ళీ పార్కుకు రాలేదు. నేనూ పిలవలేదు. ఆ చలికాలంలోనే తన కాలి వేలికి పుండు పడింది. ఎన్ని మందులు వాడినా మానలేదు. చివరికి దవాఖానలో ఆ వేలు తీసేశారు. ఇప్పుడు గోడ పట్టుకుని వంటింటి దాకా వస్తుంది, పోతుంది.