తల ఒక్కటి తెస్తే చాలు

శంకరన్‌కోవిల్ బస్టాండు వెనక సందులో ఇసక్కిముత్తుది ఫ్లెక్సుల దుకాణం. ఆ ఊళ్లో ఎవరికి చెవులు కుట్టినా, ఏ పిల్ల పెద్దమనిషైనా, ఎవరి పెళ్లి కుదిరినా, ఎవరు పోయినా, ఇంటివాళ్లు ముందుగా అతని గుమ్మమే తొక్కాలి. మనిషి పోయిన కబురు చుట్టాలకు ఫోనులో చేరుతుందేమో గానీ, వీధి మొగలో కన్నీటి అంజలి ఫ్లెక్సు లేచేదాకా ఊరు ఆ చావును ఒప్పుకోదు.

"తల ఒక్కటి తెస్తే చాలు" అంటాడు ఇసక్కిముత్తు. కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు గానీ అతను చెప్పేది నిజమే. అతని కంప్యూటరు నిండా తలల్లేని ఒళ్లున్నాయి. తెల్ల పంచె కట్టిన ఒళ్లు, కోటు తొడిగిన ఒళ్లు, పట్టుచీరలో ఒదిగి నిలబడ్డ ఒళ్లు, రెండు చేతులూ జోడించి ఓట్లడిగే ఒళ్లు. వచ్చినవాళ్ల తల కత్తిరించి, వాటిల్లో ఒకదాని మీద నిలబెట్టి, మెడ దగ్గర అతుకు చెరిపేస్తాడు. ఆ తర్వాత మచ్చలు తీసే బ్రష్షుతో ముఖమంతా ఓసారి తుడిచి, కళ్లు పెద్దవి చేసి, రంగు పెంచుతాడు. ఎంత పెంచాలని ఎవరినీ అడగడు. ఎండకు కమిలి తారులా ఉన్న ఊరు ఊరంతా అతని ఫ్లెక్సుల్లో మాత్రం పాలమీగడ రంగులో మెరిసిపోతుంటుంది.

చెవులు కుట్టే వేడుకకు ఫ్లెక్సు కావాలంటూ ఒకసారి ఓ మేనమామ వచ్చాడు. నల్ల కళ్లద్దాలతో తను నిలువెత్తున నడిచి రావాలన్నాడు, పక్కన సింహం ఉండాలన్నాడు.

"మరి పాపను ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు ఇసక్కిముత్తు.

"ఏదన్నా మూల ఖాళీ ఉంటే చూడు అన్నాచీ. సింహానికి మాత్రం అడ్డం రాకూడదు."

పాపను సింహం తోక పక్కన సర్దాడు. వేడుకకు వచ్చినవాళ్లంతా సింహం ముందు నిలబడి ఫొటోలు దిగారు.

ఇంకోసారి పేచియమ్మాళ్ అనే ముసలమ్మ పోయింది. ఉన్నది ఒక్కటే ఫొటో, అందులోనూ కళ్లు మూసుకుంది. ఇసక్కిముత్తు కంగారు పడలేదు. అంతకుముందే పోయిన ఇంకో ముసలమ్మ కళ్లు తెచ్చి అతికించాడు, ఎవరో పెళ్లిపెద్ద నవ్వు పెదాల మీద పెట్టాడు. మనవడు చూసి బావురుమన్నాడు. "అచ్చం మా అవ్వే అన్నాచీ!" ఆ అవ్వ బతికున్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఒక్కరి ముఖం చూసి నవ్విన పాపాన పోలేదు. ఆవిడ కారణాలు ఆవిడకున్నాయి. అయినా పోయాక అందరూ కలిసి నవ్వించారు.

ఇలా ఊరందరికీ అందం పంచిపెట్టిన మనిషికి నలభై దగ్గర పడుతున్నా పెళ్లి కాలేదు. చూసిన సంబంధాలన్నీ అతని నెత్తి దగ్గరే ఆగిపోయాయి. అక్కడ జుట్టు చెవుల పక్కకు తప్పుకుని చాలా కాలమైంది. తల్లి ఉలగమ్మాళ్ మొక్కని దేవుడు లేడు. చివరికి సుడలై అనే పెళ్లిళ్ల పేరయ్య ఫోనులో ఒక ఫొటో చూపించాడు.

"పుళియంగుడి పిల్ల. పేరు ఆవుడైతంగం, ఇంట్లో తంగం అంటారు. జాకెట్లు కుడుతుంది. ఇది కూడా తప్పిపోయిందంటే నావల్ల కాదు తమ్ముడూ, ఇంకొకర్ని చూసుకో."

ఫొటో చూడగానే ఇసక్కిముత్తు గుండె ఝల్లుమంది. ఆ మెరుపు, ఆ నునుపు, పెద్ద పెద్ద ఆ కళ్లు! ఇంకాస్త దగ్గరికి జరిపి చూస్తే పట్టుచీర ఒళ్లు తనదే. మెడ దగ్గర అతుకూ తనదే. ఎప్పుడో తన దుకాణంలోనే తయారైన పిల్ల! పాత ఫొటో కోసం కంప్యూటరంతా గాలించాడు. చోటు చాలదని దిద్దిన ఫొటోను అసలు ఫొటో మీదే సేవ్ చేసి, అసలుది చెరిపేసే అలవాటు అతనిది. ఆ పిల్ల ముఖంలో ఏం తీశాడో, ఏం పెట్టాడో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. అయినా తను అద్దిన రంగు చూసి తనే మురిసిపోయాడు. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని గట్టిగా అనుకున్నాడు.

అటువాళ్లు ఇతని ఫొటో అడిగారు. కొంచెం సర్దుదామని కూర్చున్నాడు. ఓ పెళ్లికొడుకు ఫొటోలోంచి క్రాపు తెచ్చుకున్నాడు, దవడలు చెక్కుకున్నాడు, బుగ్గల్లో లోతు పూడ్చుకున్నాడు. పూర్తయ్యాక తల్లికి చూపించాడు.

ఉలగమ్మాళ్ కళ్లు చికిలించి చూసింది. "ఎవర్రా ఈ అబ్బాయి? లక్షణంగా ఉన్నాడు. మన సెల్వి కూతురికి అడుగుదామా?"

"నేనేనమ్మా!"

"ఓరి నీ దుంప తెగ! పంపు, పంపు. తొందరగా పంపు."

పంపాడు. అటునుంచి రమ్మని కబురొచ్చింది.

ఆదివారం తల్లీకొడుకులు సుడలైని వెంటబెట్టుకుని, పూలూ పళ్లూ పట్టుకుని పుళియంగుడి వెళ్లారు. తంగం తండ్రి చూపు ఆనని మనిషి, అందరినీ ఒకేలా నవ్వుతూ పలకరించాడు. కేసరి పెట్టారు, బజ్జీలు పెట్టారు. కాఫీ గ్లాసులతో తంగం వచ్చింది. ఎడమ చెవి దగ్గర మొదలై బుగ్గ మీదుగా మెడ దాకా, తమలపాకు పరిచినంత మేర, నల్లటి పుట్టుమచ్చ.

ఉలగమ్మాళ్ చేతిలో కేసరి చేతిలోనే ఉండిపోయింది. ఇసక్కిముత్తుకు అప్పుడు గుర్తొచ్చింది. కుడి బుగ్గ చర్మం కోసి ఎడమ బుగ్గకు అతికించాడు. చిటికెలో అయిపోయిన పని, ఆ పూట పని చేస్తూ పాట కూడా పాడుకున్నాడు. ఇప్పుడు ఆ ముఖాన్ని ఎదురుగా చూస్తే అతనికి వింతగా అనిపించింది. మచ్చ సంగతి అటుంచి, ఆ పిల్ల కళ్లు ఎంతో బాగున్నాయి. వాటిని అనవసరంగా పెద్దవి చేశాడు. నిజంగానే నచ్చింది. మనసులో మాట ఊరికే చెప్పి ఊరుకుంటే బాగుండేది. కానీ అతను గొంతు సవరించుకుని, దానం చేస్తున్నవాడిలా నలుగురికీ వినబడేట్టు చెప్పాడు.

"నాకు మచ్చ ఉన్నా పరవాలేదు."

తంగం గ్లాసుల పళ్లెం కింద పెట్టింది. "మీకు పరవాలేదా అన్నాచీ?"

సుడలై నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో తల్లీ! పెళ్లిచూపులకొచ్చిన మనిషిని అన్నను చేసి అన్నాచీ అంటావేమిటి?"

"దుకాణంలో అలాగే పిలిచాను, పలికారు." ఆమె ఇసక్కిముత్తు వైపు తిరిగింది. "ఆ రోజు నేనేం చెప్పాను? మచ్చ ముట్టుకోవద్దు, అది చూసి వచ్చేవాళ్లే రానీ అన్నాను. మీరు ముఖం కూడా ఎత్తకుండా సరేనమ్మా అన్నారు. ఫొటో ఇచ్చేసరికి మచ్చ లేదు. నాన్నకు కళ్లు ఆనవు, ఎంత బాగుందో అని అందరికీ పంపేశాడు. అప్పట్నుంచి మీరు చేసిన ఆ పిల్లను చూడ్డానికి జనం వస్తూనే ఉన్నారు. నేను బయటికి రాగానే మీ అమ్మగారిలాగే కేసరి చేతిలో పట్టుకుని ఉండిపోతారు. వాళ్లెవరినీ నేనేమీ అనలేదు. వాళ్ల లెక్కలో మోసం చేసింది నేనే కదా, మరి?"

ఇసక్కిముత్తుకు తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి అనాలని, "అందరికీ చేసినట్టే చేశానమ్మా. చేయి అలా వెళ్లిపోతుంది" అన్నాడు.

"నేనూ కత్తెర పట్టుకునేదాన్నే. ఒంటికి తగ్గట్టు గుడ్డ కోస్తాను. ఒళ్లు కోసి గుడ్డలో దూర్చను."

అతనికి నిజంగా ఏడుపొచ్చింది. తప్పయిపోయిందని చెప్పాలనుకున్నాడు, ఈ మచ్చతోనే ఈ మనిషే కావాలని కూడా చెప్పాలనుకున్నాడు. ఆ రెండింట్లో ముందు ఏది చెప్పాలో తేల్చుకునేలోగా తంగం తన తండ్రి చేతిలోంచి ఫోను తీసుకుంది. నిండు క్రాపుతో, చెక్కిన దవడలతో ఉన్న ఫొటో తెరిచి, తండ్రి కళ్లకు అద్దాలు పెట్టి, ఫోనును ముఖానికి దగ్గరగా పట్టింది.

"ఈ అబ్బాయి నాకు నచ్చాడు నాన్నా. వచ్చాక పిలువు, మళ్లీ పూలు పెట్టుకుని వస్తాను."

అని లోపలికి వెళ్లిపోయింది. కుట్టు మిషను చప్పుడు మొదలైంది.

తండ్రి ఫోనులోకి చూశాడు. అద్దాలు సర్దుకుని ఇసక్కిముత్తు నెత్తి వైపు చూశాడు. మళ్లీ ఫోనులోకి చూశాడు. మంచి మనిషి, ఇంటికొచ్చినవాళ్లను నొప్పించడం తెలియదు. లేచి రెండు చేతులూ జోడించాడు.

"ఫోను చేస్తాం బాబూ."