రాజవ్వ గోడ మీద గంగ గీతలు

బెల్లంపల్లిలో తెల్లబట్ట ఆరేస్తే నల్లగా దిగుతుంది. పెళ్ళయి మెట్‌పల్లి నుంచి వచ్చిన కొత్తలో దీనికి రోజూ ఏడ్చేదాన్ని, తర్వాత రోజూ తిట్టేదాన్ని, చివరికి అలవాటైపోయింది. మా ఆయనది బొగ్గుబాయిలో పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర మొద్దులు ఆసరాగా నిలబెట్టేవాడు. పొద్దు పొడవకముందే ఇల్లు వదిలేవాడు, తిరిగొచ్చి పడుకునేవాడు. ఎండ అనేది ఆయనకు ఆదివారం పూట దొరికే సరుకు. ఆ పైన దగ్గు పట్టుకుంది. డాక్టరు చూసి, మందులకన్నా గాలి మార్పు ముఖ్యమన్నాడు. అప్పటి నుంచి ఆయనది ఒకటే పాట. "గంగ ఒడ్డుకు రెండర్రల ఇల్లు దొరికితే గీ ఏడే బాయి పని బంద్ జేస్త" అని. గోదావరిని మా వైపు గంగ అనే అంటాం. ఆయనతో పనిచేసే ఓదెలు ఈ మాట విని, లక్సెట్టిపేట దగ్గర ఒడ్డునే తన అత్త రాజవ్వకు ఇల్లుందని, ఆమె ఇక కూతురి దగ్గరే ఉండిపోతానని దాన్ని అమ్ముతోందని చెప్పాడు. ధర కూడా అతని నోటనే కుదిరింది. ఇక చూసి తాంబూలం పుచ్చుకోవడమే మిగిలింది. వైశాఖంలో ఒక ఆదివారం ఇద్దరం బయల్దేరాం.

ఆ వైపు వెళ్ళేవాళ్ళు పొద్దున ప్యాసింజరు పట్టుకోవాలి. మంచిర్యాలకు గంటలోపే చేరుస్తుంది, అదీ దాని మనసు బాగుంటే. ఇద్దరికీ టికెట్టు రూపాయి లోపే. స్టేషను బయట మిరపకాయ బజ్జీలు వేడిగా ఉంటాయి గానీ టీ మాత్రం నీళ్ళే, తాగకండి. అక్కడి నుంచి లక్సెట్టిపేటకు బస్సు. లోపల మేకపిల్లలు, నారబుట్టలు, పెళ్ళికి పోతున్న ఒక డప్పుల మేళం. కిటికీ పక్కన చోటు కోసం నేను ఒకాయనతో పోట్లాడి గెలిచాను, మా ఆయన్ని అక్కడ కూర్చోబెట్టాను. దారి పొడుగునా ఎండ ముఖాన పడుతున్నా ఆయన తల తిప్పలేదు.

లక్సెట్టిపేటలో ఎడ్లబండి మాట్లాడుకున్నాం. బండి మల్లయ్యది. నయాపైసలు వచ్చి ఎన్నేళ్ళయినా అతను బేరం అణాల్లోనే చేశాడు. రానూపోనూ రూపాయిన్నరకు ఒప్పించేసరికి నా గొంతు పోయింది. జొన్న కొయ్యకాళ్ళ చేల మధ్య నుంచి గంటన్నర దారి. ఎవరింటికని మల్లయ్య అడిగితే, రాజవ్వ ఇల్లు కొనడానికని చెప్పాను.

"ఇల్లు జూడ ఎండకాలం వచ్చిండ్రా?" అని నవ్వాడు. "ఇప్పుడైతే మస్తు మంచిగ కనవడతది తల్లీ. వానకాలం వస్తే ఇంకా మంచిగ కనవడుతుండె."

వానల్లో బురద గురించి వేళాకోళం చేస్తున్నాడనుకున్నాను. మీకు మాత్రం బుర్ర లేదా అని మీరు అడగొచ్చు. లేకనే.

ఊరు నిశ్శబ్దంగా ఉంది. మధ్యాహ్నం వలలు బాగుచేసుకునే వాళ్ళు నాలుగిళ్ళ ముందు కూర్చుని ఉన్నారు, వాళ్ళు కూడా పెద్దగా మాట్లాడుకోవడం లేదు. గంగ ఆ కాలంలో సన్నబడి దూరంగా ఎక్కడో పారుతుంటుంది. మధ్యలో అంతా ఇసుక, ఇసుకలో పుచ్చతీగలు. ఆ ఇసుకకు పట్టాలేవీ లేవు. వానలు తగ్గి నీళ్ళు దిగాక ఊరివాళ్ళంతా ఒకచోట చేరి, తాడు పట్టి, ఎవరి మడి ఎక్కడో పంచుకుంటారట. మళ్ళీ గంగ వస్తే హద్దులన్నీ పోతాయి, మరుసటేడు మళ్ళీ తాడు పడతారు. దీని మీద ఒక్క తగాదా లేదని మల్లయ్య చెబితే నేను నమ్మలేదు. గజం గోడ కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకునే చోటు నుంచి వచ్చినదాన్ని మరి!

మా ఆయన ఇల్లు చూడకముందే నీళ్ళలోకి దిగాడు. మోకాళ్ళ లోతులో నిలబడి మొహం పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు. అవతలి ఒడ్డు కరీంనగరు జిల్లా, అంటే మా అవ్వగారి వైపు. "నీకు పుట్టిల్లు గిక్కడికెల్లి కనవడతది సూడే" అన్నాడు, కళ్ళు తెరవకుండానే. ఆ పూట ఆయన ఒక్కసారి కూడా దగ్గలేదు. ఈ ఇల్లు మాకు దక్కాలి దేవుడా అని నేను గట్టిగా మొక్కుకున్నాను.

ఇల్లు ముచ్చటగా ఉంది. రెండర్రలు, గూన పెంకులు, వాకిట్లో వేపచెట్టు, గోడలకు పాలలాంటి కొత్త సున్నం. నేను ఏదీ ఊరికే కొనే రకం కాదు. తలుపులు ఊపి చూశాను, పొయ్యి ఊది చూశాను, చేదబావి నీళ్ళు పుక్కిలించి చూశాను. ఒడ్డు వాడలో మిగతా ఇళ్ళ గోడల మీద ఎర్రమన్నుతో అడ్డగీతలున్నాయి. ఒక్కటీ తిన్నగా లేదు. ఈ ఊరి ఆడవాళ్ళకు గీత గీయడం కూడా రాదని మా ఆయన చెవిలో ఎగతాళి కూడా చేశాను.

మాకన్నా ముందురోజే వచ్చిన ఓదెలు ఎదురొచ్చి ఇంటిని పొగిడిందే పొగడటం. రాజవ్వ మాత్రం తక్కువ మాట్లాడింది. జొన్నరొట్టె, చేపల కూర, పచ్చిపులుసు పెట్టింది. పులుసు రెండుసార్లు పోయించుకున్నాను. పిల్లలెంతమందని అడిగితే ఇద్దరు కొడుకులన్నాను.

"బిడ్డలు లేరా?"

"ఆడపిల్ల రాత లేదవ్వా" అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి ఇంకో రొట్టె వేసింది.

తినడం అయ్యాక ఓదెలు పళ్ళెంలో ఆకులు, వక్కలు పెట్టి అత్త ముందు పట్టాడు. ఆమె చెయ్యి చాపలేదు. లేచి లోపలికి పోయి, ముంతలో ఎర్రమన్ను కలుపుకుని, పాతగుడ్డ ముంచుకుని వచ్చింది. ఆ తెల్లటి గోడ మీద, మోకాలెత్తులో, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక గీత గీసింది.

"అత్తా, ఏం జేస్తున్నవ్! నిన్ననే గద సున్నమేయిస్తి!" అని ఓదెలు అరిచాడు.

"అందుకే గీస్తున్న" అంది. మా వైపు తిరిగి చెప్పింది. "గిది నేను కాపురానికొచ్చిన ఏడు గంగ వచ్చిన మట్టం." నడుమెత్తులో ఇంకోటి గీసింది. "గిది నా బిడ్డ పుట్టిన ఏడు. పురిటి మంచం నెత్తిన వెట్టుకొని మీది వాడకు వోయినం."

అప్పుడు తెలిసింది. ఆ వాడలో నీళ్ళు దిగిన రోజున ప్రతి ఇంటి ఇల్లాలూ తడి గోడ మీద ఆ మట్టం గీసి పసుపు కుంకుమ పెడుతుంది. ఏటా సున్నం వేసేటప్పుడు ఆ గీతలను తప్పించి వేస్తారు. ఓదెలు గీతల మీదుగా వేయించాడు.

"కొనేటోళ్ళు బెదురుతరని ఏసిన. నిన్ను ఒంటిగ ఎన్నొద్దులు ఉంచుమంటవ్?" అన్నాడతను, ఏడుపు గొంతుతో.

"ఇంట్ల ఆడిబిడ్డ ఉన్న ముచ్చట దాసి ఎవలన్న సంబంధం జేస్తరా అల్లుడా? గంగ గీ ఇంటి ఆడిబిడ్డ. వస్తది, పోతది. తెల్వకుంట కొన్నోళ్ళు దాన్ని తిట్టుకుంట కూసుంటరు."

ఇక ఒక్క గీత మిగిలింది. ఆమెకు అందలేదు. చుట్టూ చూసి, గుడ్డ మా ఆయన చేతికిచ్చింది. "నువ్వు పొడుగున్నవ్ కొడుకా. ఇంకింత మీదికి. ఇంకింత. ఆ, గక్కడ." పెంకులకు జానెడు కింద ఆయన తన చేత్తోనే గీత గీశాడు. ఎర్రమన్ను మోచేతి దాకా కారింది.

నాకు కోపం నషాళానికంటింది. ఆశపడిన ఇల్లు కళ్ళముందే మునిగిపోయినట్టయింది. ఓదెలును నాలుగు మాటలని, "లే, పోదాం" అన్నాను. మా ఆయన కదలలేదు. ఆ పై గీతనే చూస్తూ నిలబడ్డాడు.

"అవ్వా, గంగ చెప్పొస్తదా?" అని అడిగాడు.

"ఎందుకు చెప్పది? నీళ్ళ రంగు మారుతది. చీమలు గుడ్లు వట్టుకొని మీదికి వోతయి. ఒక దినం ముందుగాలనే ఎర్కయితది. మూటలు గట్టుకొని పోతం. మూడొద్దులకు అదే పోతది. బురద దీసి మల్ల పొయ్యి ముట్టిస్తం."

ఆయన ఎర్ర చెయ్యి పంచెకు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"బాయిల మీది కప్పు కూలేటప్పుడు చెప్పదే. పదమూడేండ్లాయె, రోజు దాని కిందనే ఉన్న. ఇది చెప్పొస్తదట."

పదమూడేళ్ళలో ఆయన బాయి లోపలి భయం గురించి నాతో అన్న మొదటి మాట అది. నేనే ఓదెలు చేతిలోంచి పళ్ళెం తీసుకుని రాజవ్వ ముందు పెట్టాను. ఈసారి ఆమె చెయ్యి చాపింది. అదే బండిలో సాయంత్రానికి లక్సెట్టిపేట చేరి ఆఖరి బస్సు అందుకున్నాం. వానలకు ముందే కాపురం మార్చాం.

ఇదంతా జరిగి నాలుగేళ్ళయింది. మా ఆయన దగ్గు పూర్తిగా పోలేదు, తగ్గింది. ఇసుకలో మాకూ ఒక మడి ఇచ్చారు. తాడు పట్టేటప్పుడు పోట్లాడాలని సిద్ధంగా వెళ్ళాను గానీ ఎవరూ అవకాశమే ఇవ్వలేదు. పోయిన భాద్రపదంలో గంగ వచ్చింది. రాజవ్వ చెప్పినట్టే చీమలు ముందు కదిలాయి, మేమూ మిట్ట మీదున్న మీది వాడకు కదిలాం. మూడో రోజు తిరిగొచ్చేసరికి గోడ ఇంకా తడిగా ఉంది, గంగ గడప అవతలికి దిగి మెల్లగా వెళ్ళిపోతోంది. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డను సాగనంపేటప్పుడు ఒడిబియ్యం పోస్తాం కదా, వాడలో ఆడవాళ్ళంతా పసుపు కలిపిన బియ్యం నీళ్ళలో విడుస్తున్నారు. నేనూ విడిచాను. ఆ పని ఈ జన్మలో నా చేతులకు లేదనుకున్నదాన్ని. గడపలో నిలబడి చాలాసేపు ఏడ్చాను, మా ఆయన ఎర్రమన్ను ముంత పట్టుకుని అంతసేపూ ఆగాడు.

మీలో ఎవరైనా గంగ ఒడ్డున ఇల్లు చూడబోతుంటే ఒక్కటే మాట. ఎండాకాలంలో కాదు, నీళ్ళు దిగిన కొత్తలో పొండి. అప్పుడు కుదరకపోతే ముందుగా గోడలు చూడండి. కొత్త సున్నం కనబడితే ఆ ఇంటి పెద్దామెను పక్కకు పిలిచి గీతలెక్కడని అడగండి, ఆమె అబద్ధమాడదు. మా ఊరికే వస్తే మా ఇంటిని గుర్తుపట్టడం సులువు. పై గీత మా ఆయనది. కింది నుంచి రెండోది నాది. బాగా వంకరగా ఉంటుంది, నవ్వకండి.