గుహలో నిద్ర

ఉండవల్లి గుహల్లో గబ్బిలాల వాసన ఇంకా అలాగే ఉంది. మొన్న మా అమ్మాయిని తీసుకెళ్లి ఆ చీకట్లో అడుగుపెట్టగానే నేను మళ్లీ ఏడేళ్ల పిల్లనయ్యాను.

అప్పటికి అమ్మ పోయి నెల కాలేదు. భవానీపురంలో మా చర్చివాళ్లంతా "మీ అమ్మ ప్రభువునందు నిద్రించిందమ్మా" అన్నారు. మా క్రైస్తవుల ఇళ్లలో చావుని అలాగే చెబుతారు. నాకా సంగతి తెలియదు. బెంగ తగ్గుతుందని నాన్న నన్ను గుహలు చూపించడానికి తీసుకెళ్లాడు.

పై అంతస్తులో అనంతపద్మనాభస్వామి రాతిలో బారుగా పడుకుని ఉన్నాడు.

"స్వామి నిద్రలో ఉన్నాడు పాపా," అన్నాడు కాపలా ఆయన.

"మళ్లీ లేస్తాడా?"

"ఎందుకు లేవడూ? నిద్రపోయినవాళ్లు లేవరా ఏంటి!"

తిరిగొస్తుంటే బ్యారేజీ మీద బస్సులో నాన్నని అడిగాను. "మరి అమ్మ పెట్టెకి మేకులెందుకు కొట్టనిచ్చావు నాన్నా? లేస్తే బయటికెలా వస్తుంది?"

ఆ తర్వాత నాన్న నన్నెప్పుడూ "నిద్రపో" అనలేదు. "పడుకో" అనేవాడు, అంతే.

ఈమధ్యే నాన్న కూడా పోయాడు. మొన్న ఆ రాతి పాదాల దగ్గర మా అమ్మాయి నా చెయ్యి లాగింది. "తాతయ్య నిద్రించాడని పాస్టరుగారు చెప్పారుగా. ఇలాగేనా అమ్మా?"

"కాదమ్మా. తాతయ్య చచ్చిపోయాడు."

పక్కనున్నవాళ్లు వెనక్కి తిరిగి నావైపు అదోలా చూశారు.