పరగడుపున ఇబ్రహీంపట్నం: అన్నకు కావలి కాసిన ఉదయం

డాక్టర్లు మా బాపు కాలు తీసేసేదాకా ఆయనకు షుగర్ ఉందని మాకెవరికీ తెలియదు. అందుకే మా అన్న యాదగిరికి పరీక్ష చేయించి తీరాలని పట్టుబట్టాను. అన్న ఇబ్రహీంపట్నం చెరువులో చేపలు పడతాడు. దవాఖానకు రెండుసార్లు పోయి రెండుసార్లూ ఉత్త చేతులతో వచ్చాడు. పరగడుపున రమ్మంటే మొదటిసారి చాయ్ తాగి వెళ్లాడు, రెండోసారి కల్లు. "చాయ్ తాగితే తిన్నట్టా?" అని నర్సుతోనే వాదం పెట్టుకున్నాడట. మా వైపు అందరి లెక్కా అదే. ఇక లాభం లేదు, నేనే పోయి కావలి కాయాలనుకున్నాను.

"అన్నను చెరువుకు పోనియ్యకు" అని వదినెకు ముందురోజే ఫోన్ చేశాను. పొద్దున ఆరింటికి ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఇరానీ చాయ్ తాగి సాగర్ రోడ్డు బస్సెక్కాను. చాయ్ పదిహేను రూపాయలు, వదలకండి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ సున్నా. తుర్కయాంజాల్ దాకా అపార్ట్‌మెంట్లే. బొంగుళూరు గేటు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దాటాక కొత్త వెంచర్ల జెండాలు మొదలవుతాయి. గంటలో ఇబ్రహీంపట్నంలో దిగాను.

అన్న తన ఇంటి అరుగు మీద ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

"వలల పడ్డ చేపలు ఖరాబైతయ్. ఒక్క చాయన్న తాగి పోదాం."

"బాపు గూడ గట్లనే అంటుండె. కాలు పాయె."

మాట కటువే, కానీ వెనక్కి తీసుకోలేదు. దవాఖానకు షేర్ ఆటోలో మనిషికి ఇరవై. డ్రైవర్ అన్నకు తెలిసినవాడే. హోటల్ ముందు ఆపి, అలవాటుగా అన్న చేతిలో గ్లాసు పెట్టాడు. నేను లాక్కుని తిరిగి ఇచ్చేశాను.

"గింత చాయ్‌కి గంత ఫికరా అక్కా?"

"అవ్. గింత చాయ్‌కే మొన్న వాపసొచ్చిండు."

తొమ్మిదింటికి పరీక్షలు మొదలయ్యాయి, పైసా తీసుకోలేదు. నర్సు వేలు పొడిచి చూసి, "రెండువందల పది. షుగర్ ఉన్నట్టే. డాక్టర్ దగ్గరికి పోదువు గాని, ముందు కాలు చాపు, కండ్లు మూసుకో" అంది. సన్నటి ప్లాస్టిక్ దారంతో అరికాలి మీద అక్కడక్కడా తాకిస్తూ, ఎక్కడ తగిలిందో చెప్పమంది. బాపుకు కాలిలో మేకు దిగినా తెలియలేదు.

"బొటనేలు," అన్నాడు అన్న. "మడిమె. చిటికెనేలు." ఒక్కటి కూడా తప్పలేదు.

"మంచిగ తెలుస్తుంది. టైంకొచ్చినవ్. గోలీలు తప్పకుండ ఏసుకుంటే కాలు కాపాడుకోవచ్చు" అంది నర్సు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె నా వైపు తిరిగింది. "బాపుకు ఉండె, అన్నకు ఉంది. నువ్వెప్పుడన్న చూపిచ్చుకున్నవా?"

లేదు. చేయి చాపబోయి ఆగాను. ఎల్.బి.నగర్ చాయ్ గుర్తొచ్చింది. సంగతి చెబితే అన్న ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

"చాయ్ తాగితే తిన్నట్టే గద చెల్లె? రేపు నేనొస్త కావలికి."

ఇంట్లోవాళ్ల కోసం ఎంత దూరమైనా పరుగెత్తుతాం, మన వేలు చాపడం మాత్రం మరిచిపోతాం. మీ ఇంట్లో ఒకరికి షుగర్ ఉంటే తోబుట్టువులంతా కలిసి వెళ్లండి. రాత్రి భోజనమయ్యాక పరీక్ష అయ్యేదాకా మంచినీళ్లు తప్ప చాయ్, మజ్జిగ, కల్లు ఏదీ ముట్టకండి. ఇది రాస్తుంటే మర్నాడు ఉదయం ఏడయింది. అన్న మా వంటింటి గడపలో కూర్చుని, పాలగిన్నె మీద నుంచి చూపు తీయడం లేదు.