ముందు నడిచే ముక్క

మాస్టారు పోయారని నాకు పొద్దున్న ఆరున్నరకి తెలిసింది. షాపు షట్టర్ సగం ఎత్తేసరికి జేబులో ఫోను మోగింది. మా ఇంగ్లీషు క్లాసు గ్రూపులో జాలరిపేట అప్ప పెట్టిన వాయిస్ మెసేజ్. ఆవిడ చేపలమ్ముతుంది. మా అందరికంటే పెద్దది కాబట్టి అందరికీ అప్పే. "ఒరే బాబూ, మాస్టారు ఎలిపోనార్రా. నిద్దట్లోనే ఎలిపోనారంట. బేగి రండి." వెనకాల సముద్రం హోరు, ఎవరో రేటు అడుగుతున్న గొంతు వినిపిస్తున్నాయి. షట్టర్ పూర్తిగా ఎత్తలేదు, దించలేదు. దాని కింద అలాగే వంగి నిలబడిపోయాను.

నాది పోర్టు దగ్గర చిన్న షాపు. తాళ్లు, గ్లవ్స్, కాటన్ వేస్టు, పెయింటు బ్రష్షులు ఓడల మీదకి సప్లై చేస్తాను. రాతకోతలు నా పని కాదు. గ్రూపులో టైపింగ్ స్పీడు నాకే ఉందని మాస్టారి గురించి నలుగురికీ పంపేలా రాసే పని నా నెత్తిన పెట్టారు. తప్పులుంటే సర్దుకోండి.

ఆయన ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో జీవితమంతా ఇంగ్లీషు ఉత్తరాలు టైపు చేసి రిటైరైన మనిషి. వన్ టౌన్‌లో ఆయన ఇంటి వరండాలో సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా మా క్లాసు. పాత తలుపు రెక్కకి నల్లరంగు వేసి గోడకి ఆనిస్తే అదే బోర్డు. సుద్దముక్కలు చొక్కా జేబులో, కాగితంలో చుట్టి ఉండేవి. ఎవర్నీ పేరుతో పిలిచేవారు కాదు. ఒకడు ఆటో, ఒకడు క్రేను, నేను తాళ్లబ్బాయి.

నేను ఆయన దగ్గరికి వెళ్లింది గర్వంతోనే. ఒక ఓడ కెప్టెన్‌కి సొంతంగా మెయిల్ రాశాను. "యాజ్ పర్ ద ఫ్యాక్ట్ దట్ యువర్ షిప్ ఈజ్ కమింగ్, మై రోప్స్ ఈజ్ రెడీ." కెప్టెన్ ఓకే అన్నాడు. అది పట్టుకెళ్లి చూపిస్తే మాస్టారు కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని మళ్లీ నవ్వారు. "బాగుందయ్యా. నీ తాళ్లు గట్టివే. వాక్యమే కొంచెం వదులు" అన్నారు.

ఆయన పాఠం మొత్తం ఒక్క విషయం చుట్టూ తిరిగేది. మన తెలుగులో సంగతి ముందు చెప్పి, 'వల్ల', 'తర్వాత', 'అయినా' లాంటివి వెనక తగిలిస్తాం. ఓడ వచ్చిన తర్వాత, వాన పడటం వల్ల, అని. ఇంగ్లీషులో ఆ ముక్క ముందుకొచ్చి నిలబడుతుంది. 'బై ద టైమ్' అనగానే ఏదో ఒకటి ఈలోపే అయిపోయిందని వినేవాడికి తెలిసిపోతుంది. 'ఇన్ స్పైట్ ఆఫ్ ద ఫ్యాక్ట్ దట్' అనగానే, ఏదో అడ్డం వచ్చినా పని జరిగిందని తెలిసిపోతుంది. అసలు సంగతి ఆ వెనకాల వస్తుంది.

"ఇరుకు సందులోకి లారీ పోనిచ్చేటప్పుడు క్లీనర్ దిగి ముందు నడుస్తాడా లేదా? రానీ, రానీ అంటాడు. ఈ ముక్క ఆ క్లీనర్. వాడు చూసి చెప్తే లారీ గోడకి తగలదు" అనేవారు.

క్లాసులో ఆ మొదటి ముక్క ఆయన అందించేవారు, మిగతా వాక్యం మేం మా బతుకుల్లోంచి పూర్తి చెయ్యాలి. అప్ప వంతు వస్తే పుస్తకాలన్నీ మూసేసేవాళ్లం. "ఇన్ స్పైట్ ఆఫ్ ద ఫ్యాక్ట్ దట్ మై ఫిష్ ఈజ్ ఫ్రెష్, దట్ అపార్ట్‌మెంట్ మేడమ్ స్మెల్లింగ్, స్మెల్లింగ్, అండ్ గోయింగ్!"

"అప్పా, నీకీ ఇంగిలీసు ఎందుకే?" అని ఆటో అడిగాడొకసారి.

"మా కోడలు ఫోన్లో ఇంగిలీసులో మాటాడతాదిరా. నన్ను పొగుడుతందో తిడతందో తెలవాలి గదా!"

మాస్టారు సీరియస్‌గా, "తెలిసింది కదా ఇప్పుడు. ఏం చేస్తోంది?" అన్నారు.

"తిడతంది మాస్టారూ. గానీ గ్రామరు బాగుంది."

ఇక నేను అసలు రాయాల్సింది రాస్తాను. ఇన్నాళ్లూ ఇది మాస్టారికీ నాకూ మాత్రమే తెలుసు.

కొన్నేళ్ల క్రితం నాకు జ్వరం వచ్చి మంచం దిగలేని రోజున ఒక ఓడకి తాళ్లు అర్జెంటుగా వెళ్లాలి. మా చెల్లెలి మొగుడు, మా బావ, అప్పట్లో ఓ కాంట్రాక్టరు కింద పోర్టులోనే లోడింగ్ పని చేసేవాడు. తన డ్యూటీ లేని రోజుల్లో నా వ్యాను నడిపేవాడు. సరుకు బండి గేటు దాటాలంటే కావాల్సిన సప్లయర్ పాసు నా ఒక్కడి పేరు మీదే ఉంది. "నా పాసు పట్టుకెళ్లు బావా, మొహం ఎవడు చూస్తాడు" అని నేనే ఇచ్చాను. గేటు దగ్గర చూశారు. పాసు తీసేసుకుని, రెండు రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇమ్మన్నారు.

గేటు దగ్గర తెలిసిన వాళ్లందరూ ఒకటే సలహా చెప్పారు. 'వితౌట్ మై నాలెడ్జ్' అని మొదలుపెట్టి, నాకు తెలియకుండా నా పాసు తీసుకెళ్లాడని రాసెయ్యి, నీ పాసు నీకొచ్చేస్తుంది. మరి బావకి? వాడికి ఇక గేటు ఉండదు. కాంట్రాక్టరు తీసేస్తాడు. ఇంట్లో మా చెల్లి, ఇద్దరు పిల్లలు. కానీ నా షాపు పోతే నేనూ రోడ్డు మీదే కదా అనుకున్నాను.

కాగితం రాసి మాస్టారికి చూపించాను. ఆయన మొదటి మూడు మాటలు చదివి ఆగిపోయారు.

"నీకు తెలీదా?"

"తెలుసు మాస్టారూ. కానీ అందరూ ఇలాగే రాస్తారు."

"అయితే రాయించుకోడానికి అందరి దగ్గరికీ వెళ్లు. ఈ ముక్క ముందు పెడితే లారీ ఎవడి మీదకి పోతోందో నీకు తెలుసు. తెలిసే రానీ, రానీ అంటున్నావ్."

ఒళ్లు మండిపోయింది. నువ్వు పెన్షన్ మనిషివి, నీకేం తెలుసు అని మొహం మీదే అనేసి వచ్చాను. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించాను, సంతకం పెట్టాను, గేటు ఆఫీసు దగ్గర లైన్లో నిలబడ్డాను.

బావ అక్కడికి రెండు టీ గ్లాసులతో వచ్చాడు. పనిలోంచి వచ్చాడు, చేతుల నిండా గ్రీజు. జ్వరం తగ్గిన నీరసంలో ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో వేడి గ్లాసు పట్టుకున్నాను.

"కాయితం ఇలాగియ్యి బావా, నువ్వు టీ తాగు. ఒలికిపోద్ది."

ఇచ్చాను. వాడికి ఇంగ్లీషు చదవడం రాదు. గ్రీజు అంటకుండా రెండు వేళ్ల కొసలతో, గాలికి ఎగరకుండా గుండె మీద ఆనించుకుని పట్టుకున్నాడు.

"ఏటి రాసినావు?"

నేను టీ ఊదుకుంటూ నిలబడ్డాను.

"బాగా రాసుంటావులే. మాస్టారి దగ్గర నేర్సుకున్నావు గదా."

టీ సగంలో పెట్టేశాను. ఆఫీసులో ఇంకో కాగితం కావాలన్నారని ఏదో చెప్పి, కాగితం లాక్కుని, తిన్నగా మాస్టారి వరండాలోకి వెళ్లాను. ఆయన ఎందుకొచ్చావని అడగలేదు. కుర్చీ ఇటు జరిపి, తెల్లకాగితం, పెన్ను పెట్టారు. ఒక్క మాట కూడా చెప్పి రాయించలేదు. నేనే రాసుకున్నాను. 'విత్ మై ఫుల్ నాలెడ్జ్ అండ్ ఆన్ మై రిక్వెస్ట్' అని మొదలైంది ఆ కాగితం. నాకు అంతా తెలిసే, నేను అడిగితేనే అతను వచ్చాడని. ఆయన చదివి ఒక కామా పెట్టారు. అంతే.

నా పాసు మూడు నెలలు ఆపేశారు. బావని మందలించి వదిలేశారు. ఆ మూడు నెలలు పరవాడ మందుల కంపెనీల చుట్టూ గ్లవ్స్ కట్టలు మోటారు సైకిలు మీద వేసుకుని తిరిగాను. సుఖంగా గడవలేదు, అబద్ధం ఎందుకు. మాస్టారిని తిట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఆయన మాత్రం ఎప్పుడూ శభాష్ అనలేదు, ఆ మొదటి కాగితం సంగతి ఎత్తలేదు. "మాట ఎక్కడ మొదలుపెడతావో నీ మనసు అక్కడే ఉంటుంది" అని క్లాసులో అందరికీ చెప్పేవారు. అలా చెప్పేటప్పుడు కూడా నా వైపు చూసేవారు కాదు.

ఇప్పుడాయన లేరు. ఆ సంగతి తెలిసిన ఇంకో మనిషి లేడు. నేను నోరు మూసుకుంటే అది ఆయనతోనే కాలిపోయినట్టే. రెండు రోజులు అలాగే అనుకున్నాను. కానీ ఆయన గురించి ఇది లేకుండా రాస్తే ఏం రాసినట్టు? అందుకే మీకు పంపే ముందు, నిన్న పొద్దున్న, ఇక్కడిదాకా రాసింది షాపులో బావకి చదివి వినిపించాను. ఇప్పుడు వాడిది నా దగ్గరే పని. వాడి పేరు మీద కూడా సప్లయర్ పాసుంది.

తాడు చుట్ట చుడుతున్న వాడి చేతులు ఆగాయి.

"అయితే నా సేతిలో ఉన్నది ఆ కాయితమేనా?"

"అదే."

తాడు ఇంకో రెండు చుట్లు చుట్టాడు. తర్వాత తాడు వైపే చూస్తూ అన్నాడు. "మాస్టారు రోడ్డు మీద నాకు ఎప్పుడు కనపడినా ఒకటే అడిగీవోరు. మీ బావ నీతో బాగుంటన్నాడా, అని. బాగానే ఉంటన్నాడు మాస్టారూ అనీవోడిని. ఇదేటి ఎప్పుడూ ఇదే అడుగుతన్నారు అనుకునీవోడిని."

నేను ఫోను జేబులో పెట్టుకున్నాను.

"ఎనిమిదికి ఓడ కాడుండాలి. బండెక్కు" అన్నాడు.

వ్యాను వాడే నడిపాడు. గేటు దగ్గర వ్యాను ఆగింది. నేను పాసు కోసం జేబు తడుముకుంటుంటే బావ చెయ్యి చాచాడు. నా పాసు తీసుకుని, తన పాసు మీద పెట్టి, రెండూ కలిపి కిటికీలోంచి బయటికి పట్టుకున్నాడు. సెక్యూరిటీ అతను ముందున్న లారీ కాగితాలు చూస్తున్నాడు, టైం పట్టింది. అంతసేపూ బావ చెయ్యి లోపలికి తీసుకోలేదు.