దర్వాజకు కట్టిన పోగులు

మొన్న జగిత్యాలల నా బిడ్డ ఇంటికి పోయి నాలుగు దినాలున్న. పొద్దుగాల ఇద్దరం చాయ తాగుకుంట కూసున్నమో లేదో బిడ్డ ఫోను మోగింది, ఇంటి ఓనరట. బాత్రూంల నల్లా కారుతున్నదని బిడ్డనే చెప్పిందట, బాగుచేసే మనిషిని తోలుకొని ఎప్పుడు రావాలె అని ఆయన అడుగుతున్నడు. తన ఇల్లు, తన నల్లా, తను తెచ్చే మనిషి, అయినా ఎప్పుడు రావాలె అని అడుగుతున్నడు. నా బిడ్డ ఏమన్నదనుకున్నరు, ఇయ్యాల వీలుగాదు అంకుల్, రేపు వంటయినంక రండ్రి అన్నది, అని ఫోను పక్కన పెట్టి మళ్ల చాయల బిస్కెట్ ముంచుకున్నది. తెల్లారి ఆయన వచ్చి, గంట కొట్టి, చెప్పులిడిసి, తలుపు తీసి రమ్మనేదాక మెట్ల దిక్కు మొకం పెట్టి నిలబడ్డడు. వంటింట్లకెల్లి అది చూసుకుంట నేను పొయ్యి మీది పోపు మరిచిపోయిన. మాడిన వాసనకు బిడ్డ వచ్చి స్టవ్ బందు చేసింది.

ఆయన పోయినంక, నువ్వు గట్ల రేపు రా అంటె ఆయనకు కోపం రాదా బిడ్డా అని అడిగిన. "కోపమెందుకే అమ్మా, కిరాయికి ఇచ్చినంక ఇల్లు మనదే గద, చెప్పకుంట ఎట్ల వస్తరు?" అన్నది. అన్నం తెల్లగుంటది అన్నంత సులువుగ అన్నది. ఆ మాట కోసం ఒకప్పుడు మా ఇంట్ల ఏమేం జరిగిందో, అదీ తన పాల కోసమే జరిగిందని దానికి ఎరుక లేదు.

మన ఈడు వాళ్లకు నేను చెప్పేదేమున్నది, మన కాలంల కిరాయి ఇల్లంటె తలుపు మనం వేసుకునేది, తీసేది మాత్రం ఇంటాయన. పెండ్లయి కోనరావుపేట దిక్కు పల్లెల నుంచి నేను సిరిసిల్లకు కాపురానికి వచ్చినప్పుడు మాకు దొరికింది ఒక్కటే అర్ర, అదీ సాంచాల షెడ్డుకు ఆనుకొని. సాంచాలంటె కరెంటు మగ్గాలు. మా ఆయన వాటి మీదనే బట్ట నేస్తుండె. ఆ సాంచాలు, ఆ అర్ర, రెండూ ఒక్క ఆసామివే. పని ఆయన దగ్గర, ఇల్లు ఆయనది, ఒకటి పోతె రెండూ పోయేటియి. ఆ అర్ర మాకంటె ముందు సామాన్లు పెట్టుకునేదట, అందుకని షెడ్డు మొత్తానికి కరెంటు బోర్డు మా అర్ర లోపటనే, నా పడక నెత్తి మీదనే ఉంటుండె. ఫ్యూజు ఎప్పుడు పోతె అప్పుడు ఆసామి వచ్చేది. తలుపు కొట్టుడు లేదు, పిలుసుడు లేదు, చెప్పులతోని టపటప వచ్చి, ఫ్యూజు తీగ మార్చి, పోయేటప్పుడు కూర గంజు మీద మూత లేపి "ఇయ్యాల చేపలా?" అని అడిగి మరీ పోయేది.

ఆయన చెడ్డోడు అని నేను అనను. ఏనాడూ నా దిక్కు వంకరగ చూడలేదు, ఆయన చూపంత బోర్డు మీదనే. ఆయన లెక్కల అది అర్ర కాదు, షెడ్డుల ఒక మూల. కాని బిడ్డ పుట్టినంక నా పానానికి ఆ సంగతి ఎట్ల తెలుస్తది? పిల్ల నోరు పెట్టుకోంగనే సాంచాల చప్పుడు ఆగుతదేమో అని చెవులు అటే ఉండేటియి. ఆగిందంటె పిల్లను గుంజి పక్కకు వేసి కొంగు కప్పుకునేదాన్ని. అది గుక్కపెట్టి ఏడ్చేది, మళ్ల పట్టుకుంటె పాలు దిగేటియి కావు. నెలలు నిండుతుంటె పిల్ల పెరుగుడు బదులు తరిగింది. దవఖాన్ల తూకం వేసినామె, తల్లి పాలు చాలుతలేవు, ఇట్లయితె పిల్ల దక్కుడు కష్టం అన్నది. చాలకనా? రొమ్ముల ఉన్న పాలు భయానికి రాక. ఆ మాట మా ఆయనతోని చెప్తె, ఆయన తల వంచుకొని నేల గీకుకుంట కూసున్నడు. ఆసామితోని ఏమని చెప్తడు, నీ ఇంట్లకు నువ్వు రాకు అంటడా?

గప్పుడు మా అత్త వచ్చింది, చందుర్తి పక్క ఊరి నుంచి, సంకల ఒక మూట పెట్టుకొని. ఆమె చేతిమగ్గం కాలపు మనిషి. వచ్చిన దినమే ఆసామి టపటప వచ్చుడు, నేను పిల్లను గుంజుడు, రెండూ చూసింది. తెల్లారి మూట విప్పి నూలు ఉండ తీసింది, దర్వాజకు అటొకటి ఇటొకటి మొలలు రాయితోని కొట్టింది, మోకాలెత్తుల నాలుగు పోగులు బిర్రుగ కట్టింది. ఇదేంది అత్తా అంటె, నువ్వు పిల్లకు పాలియ్యి అన్నది, అంతే.

మీలో నేతోళ్ల ఇండ్లల్ల పుట్టినోళ్లకు ఎరుకే. చేతిమగ్గాల కాలంల పడుగు పరిచిండ్రంటె, అంటె నేసేటందుకు నిలువు పోగులు బిర్రుగ లాగి కట్టిండ్రంటె, దాన్ని ఎవ్వరూ దాటరు. వీధిల పరిస్తె ఎడ్లబండి గూడ సుట్టు తిరిగి పోయేది. నడక రాని పిల్లకు ముందుగాల నేర్పేది అదే, పోగు దాటద్దు అని.

ఆ పగటీలి పిల్ల నోరు పెట్టుకున్నది, సాంచాలు ఒక్కసారిగ ఆగినయి. చెప్పుల చప్పుడు వినబడ్డది. నా చెయ్యి అలవాటుగ పిల్లను గుంజబోతె అత్త తన అరచెయ్యి పిల్ల వీపు మీద పెట్టి "ఉండనీ" అన్నది. ఆసామి వచ్చిండు, ఒక కాలు లేపిండు, పోగులు చూసిండు, ఆ కాలు మళ్ల వెనుకకే పెట్టిండు. వెనుకనే మా ఆయన ఉరికొచ్చి, "అవ్వా, ఇప్పవే, సాంచాలు బందైనయి" అని బతిమాలిండు. అత్త తల లేపలేదు.

"పిల్ల తాగుతున్నది. తాగినంక ఇప్పుత."

"నాలుగు పోగులు కట్టి పడుగంటవా పెద్దవ్వా?" అన్నడు ఆసామి, నవ్వలేక నవ్వుకుంట.

"నాలుగే గద, దాటు కొడుకా. దాటి, ఇంటికి పోయి మీ అవ్వకు చెప్పు, దాటిన అని."

ఆయన దాటలేదు. నేతోళ్ల ఇంట పుట్టినా ఎన్నడూ చేతిమగ్గం ఎక్కని మనిషి, ఇనుప సాంచాల మీద బతికే మనిషి, ఆ నాలుగు పోగుల ముందర గోడ కట్టినట్టు ఆగిపోయిండు. వెనుకకు తిరిగి, మాకు వీపు పెట్టి గడప బయట కూసున్నడు. షెడ్డుల పనోళ్లందరు తొంగి చూస్తున్నరు. ఎప్పుడూ చప్పుడుతోనుండే ఆ గల్లీ అంత నిమ్మళమైంది, ఆ నిమ్మళంల నా బిడ్డ గుటకలు నాకు వినబడ్డయి. అంత సేపు అది తాగుడు నేను చూసింది అదే మొదలు. నోరు దానంతట అదే ఇడిసిపెట్టి, పెదవుల మీద పాలబొట్టుతోని నిద్రపోయింది. గప్పుడు అత్త లేచి పోగులు ఒక దిక్కు ఇప్పి "ఇగ రా కొడుకా" అన్నది. ఆయన తల వంచుకొని ఫ్యూజు వేసి, పోయేటప్పుడు కూర గంజు దిక్కు పోకుంట, "పిల్ల కడుపు నిండిందా?" అని అడిగి పోయిండు.

పని పోతదని మా ఆయనకు శానా దినాలు అన్నం సహించలేదు. పని పోలేదు. కొన్నాళ్లకు ఆసామే మనిషిని పెట్టి బోర్డు షెడ్డు గోడకు మార్పిచ్చిండు. అత్త ఊరికి పోయినంక గూడ, దర్వాజకు ఏమీ లేకున్నా, ఎప్పుడన్న పని పడి వస్తె వీధిలకెల్లే "పోగులున్నయా?" అని కేకేసేది. లేవు, రా అన్నా అంటేనే వచ్చేది.

ఇదంత బిడ్డకు చెప్తె అది నవ్వింది, నాలుగు పోగులు ఏలుతోని తెంపితె తెగుతయి గద అన్నది. తెగుతయి. ఏలు గూడ అక్కర్లేదు, దారాలు కత్తిరిచ్చే చిన్న కత్తెర ఆయన అంగీ పక్క జేబుల సగం బయటికే ఉండె, గడప బయట కూసున్నంత సేపూ అది ఎండకు మెరుస్తనే ఉండె. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం అదే.

నా బిడ్డ దర్వాజకు పోగులు కట్టే పని లేదు, ఆ సంబురం నాకున్నది. అయినా అక్కడ ఉన్నన్ని దినాలు లోపలికి బయటికి పోయినప్పుడల్ల నా చెయ్యి దర్వాజకు ఆ మొలల కోసం తడుముతనే ఉండె. నున్నగ, కొత్త రంగు తగిలింది. ఆ ఇంట్ల మొలలు కొట్టద్దని ఓనరు ముందే చెప్పిండట.